కెర్నెల్ కాదన్నప్పుడు

1991 ఆగస్టులో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ గురించి లోకానికి చెప్పేనాటికి దాని కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, అంతా ఒకే ముద్ద. కొత్త నెట్‌వర్క్ కార్డు కొంటే దాన్ని నడిపే డ్రైవర్‌ను కలిపి కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేసి, యంత్రాన్ని ఆపి, తిరిగి నడపాల్సి వచ్చేది. 1992 జనవరిలో కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రూ టానెన్‌బామ్ ఈ నిర్మాణానికి కాలం చెల్లిందని గట్టిగా విమర్శించాడు. లినక్స్ దాన్ని వదులుకోలేదు గానీ, నడుస్తూనే కొత్త భాగాలను కలుపుకోవడం నేర్చుకుంది. 1995 మార్చిలో 1.2 వెర్షన్ వచ్చేసరికి ఆ సదుపాయం అందులో ఉంది. అలా కలిసే భాగమే మాడ్యూల్.

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని ఖాజాగూడకు ఇది దూరపు కథ కాదు. క్వాల్‌కామ్, ఏఎండీ వంటి చిప్ సంస్థలకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. చిప్ లినక్స్ మీద పనిచేయాలంటే డ్రైవర్ కావాలి, ఆ డ్రైవర్ చాలావరకు మాడ్యూల్ రూపంలోనే ఉంటుంది. ఈ కారిడార్‌లో డ్రైవర్లు రాసేవాళ్లకు ‘అన్‌నోన్ సింబల్’ అనే ఎర్రర్ బాగా తెలిసిన మాట.

మాడ్యూల్ తనంతట తాను పూర్తి ప్రోగ్రామ్ కాదు. తనకు కావలసిన ఫంక్షన్లను పేరు పెట్టి అడుగుతుంది. ఆ పేర్లే సింబల్స్. కెర్నెల్ గానీ, ముందే ఎక్కిన మరో మాడ్యూల్ గానీ ‘ఎక్స్‌పోర్ట్ సింబల్’ అని ప్రకటించిన పేర్లే దానికి దొరుకుతాయి. ఏథ్9కే అనే వైఫై డ్రైవర్‌నే తీసుకోండి. దానికి మ్యాక్80211 కావాలి, మ్యాక్80211కు సీఎఫ్‌జీ80211 కావాలి. ఈ వరుసను డెప్‌మాడ్ ముందే లెక్కగట్టి మాడ్యూల్స్.డెప్ ఫైల్‌లో రాసి పెడుతుంది. మాడ్‌ప్రోబ్ దాన్ని చదివి అన్నిటినీ క్రమంలో ఎక్కిస్తుంది. ఇన్స్‌మాడ్‌కు ఆ వరుస పట్టదు, ఇచ్చిన ఒక్క ఫైల్‌నే ఎక్కించబోతుంది. కొత్తవాళ్ల చిక్కుల్లో చాలా ఇక్కడే మొదలవుతాయి.

మొదట్లో పేర్లకు చిరునామాలు అతికే పని కెర్నెల్ బయట ఇన్స్‌మాడే చేసేది. 2002లో కెర్నెల్ డెవలపర్ రస్టీ రస్సెల్ ఆ పనిని కెర్నెల్ లోపలికి తెచ్చాడు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6తో మాడ్యూల్ ఫైళ్లకు ‘.కేఓ’ అనే తోక స్థిరపడింది.

పేరు దొరికితే చాలా? ఒకే ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే పేరు చూసి ఉత్తరం ఇవ్వలేం. ఫంక్షన్ పేరు అదే ఉన్నా, అది తీసుకునే స్ట్రక్చర్‌లో ఒక్క ఫీల్డ్ మారితే మెమరీ చెడిపోవచ్చు. అందుకే మాడ్‌వెర్షన్స్ సదుపాయం ఉన్న కెర్నెల్ ప్రతి సింబల్‌కూ దాని నిర్వచనం నుంచి 32 బిట్ల సీఆర్‌సీ అంకెను కడుతుంది. అంకెలు కలవకపోతే ‘డిజగ్రీస్ అబౌట్ వెర్షన్ ఆఫ్ సింబల్’ అంటూ మాడ్యూల్‌ను తిప్పి పంపుతుంది.

ఈ తిరస్కారాన్ని శ్రద్ధగా చదివితే సగం పని అయినట్టే. తెరమీద కనిపించే పొడిమాట సరిపోదు, ఏ సింబల్ లేదో కెర్నెల్ లాగ్‌ను చూపే డీమెసేజ్‌లో పేరుతో సహా ఉంటుంది. మాడ్‌ఇన్ఫో ఆ మాడ్యూల్ దేనిమీద ఆధారపడిందో, ఏ కెర్నెల్ కోసం తయారైందో చెబుతుంది. నడుస్తున్న కెర్నెల్ వేరైతే దాని హెడర్లతో మళ్లీ కట్టాలి. ఆధారపడిన మాడ్యూల్ కూడా కెర్నెల్ బయటిదే అయితే, దాని మాడ్యూల్.సిమ్‌వర్స్ ఫైల్‌ను బిల్డ్‌కు చూపించాలి. పేరు ఉన్నా అందకపోతే అది జీపీఎల్ లైసెన్స్ ఉన్న మాడ్యూళ్లకే పరిమితమైనదేమో చూడాలి. 2020లో 5.7 కెర్నెల్ కేఆల్‌సిమ్స్_లుకప్_నేమ్‌ను ఎక్స్‌పోర్ట్ చేయడం మానేసింది. ప్రకటించని పేర్లను వెతికి పట్టుకునే సులువైన దొడ్డిదారి దాంతో మూసుకుపోయింది.

బలవంతంగా ఎక్కించే ‘ఫోర్స్’ ఎంపిక జోలికి మాత్రం వెళ్లకండి. అది లోపాన్ని సరిచేయదు, తనిఖీని తీసేస్తుంది. రావలసిన ఒక్క ఎర్రర్ లైన్ బదులు, ఎప్పుడో ఏదో ఫైల్ పాడై కూర్చోవచ్చు.

ఈ పట్టింపు ఇప్పుడు మన జేబుల దాకా వచ్చింది. ఆండ్రాయిడ్ 12తో, 5.10 కెర్నెల్‌తో మొదలైన ఫోన్లలో కెర్నెల్ అసలు భాగం గూగుల్ కట్టినది, చిప్ డ్రైవర్లు విడి మాడ్యూళ్లు. రెండింటి మధ్య ఒప్పందం ఒక సింబల్ జాబితా. అది చెదరనంతకాలం డ్రైవర్లను మళ్లీ కట్టకుండానే కెర్నెల్‌లోని భద్రతాలోపాలు సరిదిద్దవచ్చు. 2025లో 6.14 కెర్నెల్ రస్ట్ భాషలో రాసిన మాడ్యూళ్లకూ ఇలాంటి అంకెలు కట్టే కొత్త పనిముట్టును తెచ్చింది. భాష మారినా తనిఖీని వదులుకోలేదంటే, దాని విలువ కెర్నెల్ రాసేవాళ్లకు అనుభవంతో తెలుసు. దాన్ని వాడే మనమూ ఎర్రర్‌ను అడ్డంకిగా చూడటం మాని, దారి చూపే సాక్ష్యంగా చదవాలి.