పొలములోని పాక

ఇంగ్లండునందలి యార్కుషైరు లోయలలో పచ్చికపొలముల నడుమ వేలకొలది రాతికొట్టములు కలవు. చలికాలమున క్రింద పశువులు, పైన ఎండుగడ్డి; పేడ ఆ పొలమునకే ఎరువు. సాగుపద్ధతులు మారగా అవి వట్టివైనవి. అట్టి కట్టడములను నివాసములుగా మార్చుటకు 2014లో అక్కడి ప్రభుత్వము నియమములను సడలించినది. జాతీయోద్యానములకు మాత్రము ఆ సడలింపు వర్తింపలేదు. 1954లో ఏర్పడిన యార్కుషైరు లోయల ఉద్యానమున ఏ కొట్టము సంగతి ఆ కొట్టముగానే విచారింపవలసి వచ్చినది.

చిక్కు ఏమనగా, వాడుక లేని కప్పు కూలును. కాపురము పెట్టినచో గోడకు కిటికీలు, పొలమునకు బాట, కరెంటుతీగ వచ్చును. గోడ మిగులును, పొలము మారును.

మన అనకాపల్లి చెరకుతోటలలోని బెల్లపుపాకకు ఆ రాతిగోడయు లేదు. గానుగ, పొయ్యి, పెనము, ఆరవేసిన పిప్పి—ఇవియే దాని సొత్తు. 2006లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టము సాగుభూమిని ఇతరావసరములకు మార్చుటకు అనుమతి కావలెనన్నది. ఆ లెక్కలో నేల ఉండెను గాని పాక లేకుండెను.

కట్టడమును మార్చుట దోషము కాదు. అది చేసిన పని ఆనవాలు చిక్కకుండ మార్చుటయే దోషము. పాకలను మనము నిలుపలేకపోవచ్చును. వాని కొలతలను, పనివారి మాటలను వ్రాసి ఉంచవచ్చును. ఉపాధ్యాయులు పూనుకొన్నచో, ఒక్క గానుగకాలములో విద్యార్థులచేత ఈ పని చేయింపగలరు.