వార్తల్లో పదం: శాంతి దూత

అంతర్యుద్ధంలో తలపడుతున్న పక్షాలను చర్చలకు ఒప్పించేందుకు ఐక్యరాజ్యసమితి వంటి సంస్థ పంపే మధ్యవర్తే శాంతి దూత. ఆయన వెంట సైన్యం ఉండదు, ఎవరినీ శాసించే అధికారమూ ఉండదు. ఇరుపక్షాలకూ కాస్త నమ్మకం, వెనక పెద్ద దేశాల అండ ఉంటేనే పని కదులుతుంది.

సిరియా అంతర్యుద్ధాన్నే చూడండి. 2012 ఫిబ్రవరిలో ఐరాస, అరబ్ లీగ్ కలిసి ఐరాస మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్‌ను దూతగా నియమించాయి. ఆయన ఆరు సూత్రాల ప్రణాళికతో ఏప్రిల్‌లో కాల్పుల విరమణ మొదలైంది. నిరాయుధ పరిశీలకులూ వెళ్లారు. అది నిలవలేదు. భద్రతామండలే రెండుగా చీలిపోతే దూత ఏం చేస్తాడు? ఆగస్టులో అన్నన్ రాజీనామా ప్రకటించారు.

తర్వాత వచ్చిన అల్జీరియా దౌత్యవేత్త లఖ్దర్ బ్రహీమీ, లెబనాన్ అంతర్యుద్ధాన్ని ముగింపు దారి పట్టించిన 1989 తాయిఫ్ ఒప్పందంలో మధ్యవర్తిగా చేయి తిరిగిన మనిషి. 2014 జనవరిలో జెనీవాలో ప్రభుత్వాన్నీ ప్రతిపక్షాన్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడలేదు, ఇద్దరూ ఆయనతోనే మాట్లాడారు! అలిగిన వియ్యంకుల మధ్య పెళ్లిపెద్ద పాట్లే అవి. అయినా ముట్టడిలో ఉన్న హోమ్స్ పాత నగరం నుంచి వందలాది మంది పౌరులు ఫిబ్రవరిలో బయటపడ్డారు. దూతల లెక్కలో అది చిన్న ఫలితం కాదు. చర్చలు మాత్రం తేలలేదు. బ్రహీమీ సిరియా ప్రజలకు క్షమాపణ చెప్పారు, మేలో తప్పుకున్నారు.

ఆ తర్వాత దూతలుగా డి మిస్తురా, పెడర్సన్ వచ్చారు. 2019లో 150 మందితో రాజ్యాంగ కమిటీ కూడా ఏర్పడింది. 2024 డిసెంబరులో సిరియా అధ్యక్షుడు అసద్ ప్రభుత్వాన్ని కూల్చింది మాత్రం తిరుగుబాటు దళాల దాడి.