సడి చేస్తే చావే: ‘ఎ క్వైట్ ప్లేస్’ విశేషాలు

పాప్‌కార్న్ నమలడానికి కూడా ప్రేక్షకులు జంకిన సినిమా ఇది. అమెరికాలో 2018 ఏప్రిల్ 6న విడుదలైంది. ఎక్కడినుంచో భూమ్మీదికొచ్చి పడ్డ గుడ్డి జీవాలు చప్పుడు వినిపిస్తే చాలు, వచ్చి చంపేస్తుంటాయి. ఊళ్లన్నీ ఖాళీ. మిగిలినవాళ్లలో ఒక కుటుంబం పొలం మధ్య ఇంట్లో, వట్టి కాళ్లతో నడుస్తూ, సైగలతో మాట్లాడుకుంటూ రోజులు వెళ్లదీస్తుంటుంది. కథ మొదలయ్యేది 89వ రోజున.

ఈ కథ స్కాట్ బెక్, బ్రయాన్ వుడ్స్ అనే చిన్ననాటి స్నేహితులది. ఇద్దరిదీ అయోవా రాష్ట్రం, ఇద్దరికీ మూకీ సినిమాలంటే ప్రాణం. మాటలు అంత తక్కువ ఉన్న స్క్రిప్టు చదివేనాటికి నటుడు జాన్ క్రాసిన్‌స్కీ ఇంట్లో రెండో పాప పుట్టి కొన్ని వారాలే. పిల్లల్ని కాపాడుకోలేకపోతే ఎలా అన్న భయం ఆయన్ను పట్టి ఊపేసింది. స్క్రిప్టును తన పద్ధతిలో తిరగరాసి, దర్శకత్వం వహించి, తండ్రి పాత్రా తనే వేశాడు. తల్లి పాత్రకు మొదట వేరే నటి పేరు చెప్పిన ఆయన భార్య ఎమిలీ బ్లంట్, విమానంలో స్క్రిప్టు చదివాక ఆ పాత్ర ఇంకెవరికీ ఇవ్వొద్దంది. 2019లో ఆమెకు స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ సహాయనటి పురస్కారం వచ్చింది.

సినిమాకు ప్రాణం మాత్రం కూతురు రీగన్. ఆ పాత్ర వేసిన మిలిసెంట్ సిమండ్స్‌కు పసితనం నుంచీ వినికిడి లేదు. వినికిడి లేని అమ్మాయే కావాలని క్రాసిన్‌స్కీ పట్టుబట్టాడు. తోటి నటులంతా అమెరికన్ సైగల భాష నేర్చుకున్నారు. ఆ సైగల్లోనూ ఎవరి తీరు వాళ్లదే. ఎలాగైనా బతకాలన్న ధ్యాసలో ఉండే తండ్రివి పొడిపొడి సైగలు, తల్లి చేతులు కవిత్వం చెప్పినట్టు కదులుతాయి. ఇంతటి సూక్ష్మం భయం సినిమాల్లో నేను చాలా అరుదుగా చూశాను.

నిశ్శబ్దాన్ని తయారుచేయడం ఎంత కష్టమో ఇందులో తెలుస్తుంది. రీగన్ చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటుంది. ఆమె వైపునుంచి కథ నడిచేటప్పుడు మనకు సన్నటి గుయ్‌మనే హోరు తప్ప మరేదీ వినబడదు. ఆ పరికరం ఆపేస్తే అదీ ఉండదు, పూర్తి నిశ్శబ్దం. మరి ఆ జీవాలు చేసే టకటక చప్పుడు? ద్రాక్షపళ్లకు స్టన్‌గన్‌తో కరెంటు షాకిచ్చి దానికి మూలధ్వని పుట్టించారు! ఈథన్ వాన్ డెర్ రిన్, ఎరిక్ ఆడాల్ చేసిన ఈ పనికి సౌండ్ ఎడిటింగ్ విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. పురస్కారం ‘బొహీమియన్ రాప్సడీ’కి పోయింది. నన్నడిగితే అది ఈ సినిమాకే దక్కాల్సింది.

న్యూయార్క్ రాష్ట్రంలోని పల్లెపట్టుల్లో షూటింగు జరిగింది. తెరమీద కనబడే మొక్కజొన్న చేను కూడా సినిమా కోసం వేయించిందే.

దాదాపు 1.7 కోట్ల డాలర్లతో తీస్తే మొదటి మూడు రోజుల్లోనే 5 కోట్లు వచ్చాయి. ప్రపంచమంతా కలిపి 34 కోట్లు. భయానక కథల మేటి స్టీఫెన్ కింగ్ కూడా మెచ్చుకున్నాడు. రెండో భాగం 2020లో రావలసింది. ప్రపంచం నిజంగానే తలుపులు మూసుకోవడంతో 2021 మే దాకా ఆగింది.

ఆక్షేపణలూ వచ్చాయి. జలపాతం హోరులో గట్టిగా మాట్లాడుకోగలిగినప్పుడు అక్కడే కాపురం పెట్టొచ్చు కదా, అలాంటి కాలంలో బిడ్డను కనడమేమిటని చాలామంది అడిగారు. మొదటిది న్యాయమైన ప్రశ్నే. రెండోదానికి సినిమానే జవాబు. చావు ముంగిట కూడా ఉయ్యాల సిద్ధం చేసుకునే మనుషుల కథ ఇది. నన్ను నిజంగా బాధపెట్టింది మరొకటి. వినికిడి లేని అమ్మాయి కథకు సబ్‌టైటిళ్లున్న ఆటలు తక్కువ పడ్డాయని బ్రిటన్‌లో బధిర ప్రేక్షకులు వాపోయారు.

ఒక కీలక ఘట్టంలో తండ్రి కూతురికి ‘నువ్వంటే నాకు ప్రేమ’ అని సైగ చేయాలి. ‘ఎప్పుడూ ప్రేమే’ అన్నది కూడా చేర్చమని సూచించింది మిలిసెంటే. చూసేటప్పుడు దీపాలార్పండి, ఫోన్ పక్కన పెట్టండి. కింద పడే అక్షరాలు చదివి ఊరుకోక ఆ చేతుల్ని చూడండి.