జీపు కిటికీ ఎందుకు మొరాయించింది?

అచ్చంపేట నుంచి హాజీపూర్ చౌరస్తా మీదుగా మన్ననూరు వైపు వెళ్ళినవారికి నల్లమల దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. తారురోడ్డు దిగి అడవి బాట పట్టామంటే చాలు, ముందు బండి లేపిన దుమ్మంతా వెనుక బండిలోకి వస్తుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. ఇలాంటి చోట తిరగటానికి మహీంద్రా జీపులు, 1985లో వచ్చిన మారుతీ జిప్సీ పేరు పొందాయి. వీటిలో కొన్నింటికి కాన్వాసు గుడ్డకు బదులు గట్టి టాపు ఉంటుంది. దాని పక్కల్లో ముందుకూ వెనుకకూ జరిగే అద్దాల కిటికీలుంటాయి.

అలాంటి పాత జీపు ఒకటి అచ్చంపేటలో ఒక షెడ్డుకు వచ్చిందనుకోండి. ఎండాకాలంలో కిటికీ తెరుచుకోదు. వానాకాలంలో సీటు తడుస్తుంది. బండి కదిలితే అద్దం టకటకా మోగుతుంది.

"కొత్త అద్దం ఎయ్యాల్నా మేస్త్రీ?" అంటాడు డ్రైవరు.

"అద్దం మంచిగనే ఉందన్నా. అది నడిచే తొవ్వ ఖరాబైంది" అంటాడు మేస్త్రీ.

ఆ తొవ్వను కాస్త పరిశీలిద్దాం. అద్దం అంచు ఒక సన్నని రేకు గాడిలో జరుగుతుంది. గాజు రేకుకు తగలకుండా గాడి లోపల రబ్బరు, దాని మీద నూగులాంటి మెత్తని పొర ఉంటాయి. ఈ నూగు దుమ్మును ఆపుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆపిన దుమ్ము ఎక్కడికి పోతుంది? నూగులోనే ఇరుక్కుంటుంది. నల్లమల కొండల్లో క్వార్ట్జైట్ రాయి ఎక్కువ. అచ్చంపేట వైపు నల్లరాతి గుట్టల్లోనూ క్వార్ట్జ్ రేణువులున్నాయి. మోస్ కాఠిన్య మానంలో క్వార్ట్జ్ 7. కిటికీ గాజు సుమారు 5.5. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుంది. అంటే అద్దాన్ని కాపాడవలసిన మెత్తని పొర కొన్నేళ్ళకు గరుకు కాగితంగా మారిపోయిందన్నమాట! అద్దం మీద అడ్డంగా కనిపించే తెల్లని గీతలు దాని పనే.

రబ్బరు కథ వేరు. 1839లో చార్లెస్ గుడ్ ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతి కనుగొన్నాడు. అలా చేసిన రబ్బరు కూడా ఎండకూ, గాలిలోని ఓజోనుకూ ఏళ్ళ తరబడి గురైతే సాగే గుణం పోయి పగుళ్ళిస్తుంది. గాడి వదులవుతుంది. మోత అందుకే.

ఇక కింది గాడి. అందులో చేరిన వాననీరు బయటికి పోవటానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. మట్టి వాటిని మూసేస్తే నీరు నిలిచి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. గాడి లోపల్నించి ఉబ్బి అద్దాన్ని పట్టేస్తుంది. పైన వదులు, కింద బిగువు! డ్రైవరు బలంగా లాగితే అద్దం ఓరగా తిరిగి మరింత బిగుసుకుంటుంది.

బలం చూపితే ఇంకొక ప్రమాదం కూడా ఉంది. బండి పక్క కిటికీలకు సాధారణంగా గట్టిపరచిన అద్దం వాడతారు. గాజును 600 డిగ్రీల సెల్సియస్ దాటేలా వేడిచేసి, చల్లగాలిని వేగంగా కొట్టి ఇలా తయారుచేస్తారు. పైపొర ముందుగా గట్టిపడుతుంది. లోపలి భాగం తరువాత చల్లారి సంకోచిస్తూ పైపొరను నొక్కిపట్టి ఉంచుతుంది. అందుకే మధ్యలో తగిలిన దెబ్బను అది ఓర్చుకుంటుంది. అంచుకు మర మొన తగిలితే మాత్రం అద్దమంతా చిన్న చిన్న ముక్కలై రాలిపోవచ్చు. సరిపోలేదని దాన్ని కోయటం, అంచు అరగదీయటం కుదరదు.

అందుకని మేస్త్రీ తొందరపడడు. మరలు విప్పి, చట్రాన్ని దించి, అద్దాన్ని తీసి గుడ్డలో చుట్టి పక్కన పెడతాడు. పాత పొరను పెకలించి, తీగల బ్రష్షుతో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూస్తాడు. సన్నని తీగతో రంధ్రాలు పొడుస్తాడు. అద్దం మందం కొలిచి దానికి సరిపడే కొత్త గాడి పట్టీని కోసి వేస్తాడు. నన్నడిగితే అసలు నేర్పు ఈ కొలతలోనే ఉంది. బిగువైతే జరగదు, వదులైతే మోగుతుంది.

"ఇంజనాయిల్ జర పొయ్యరాదే?" అంటాడు డ్రైవరు. మేస్త్రీ ఒప్పుకోడు. నూనెకు దుమ్ము అంటుకుని ముద్దవుతుంది. పైగా పెట్రోలియం నూనెలకు సహజ రబ్బరు ఉబ్బుతుంది. కావాలంటే మీరే చూడండి: ఒకే కొలత గల రెండు రబ్బరు బ్యాండ్లు తీసుకుని, ఒకదాన్ని నీళ్ళలో, మరొకదాన్ని పెద్దల సమక్షంలో మంటకు దూరంగా కిరసనాయిలులో రాత్రంతా ఉంచి, మర్నాడు స్కేలుతో కొలవండి. గాడికి సిలికోన్ గానీ, గ్రాఫైటు పొడి గానీ మేలు.

చట్రం తిరిగి బిగించాక మేస్త్రీ ఒక్క వేలితో అద్దాన్ని తోసి చూస్తాడు. తరువాత చెంబుతో కింది గాడిలో నీళ్ళు పోసి, జీపు చుట్టూ తిరిగి వచ్చి, అవి బయటివైపు కారుతున్నాయా లేదా అని వంగి చూస్తాడు.