లాంకస్టర్ పొలంలో అమిష్ జీవితం

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియాకు పడమర సుమారు 100 కిలోమీటర్ల దూరంలో లాంకస్టర్ కౌంటీ ఉంది. అమిష్ ప్రజలు 18వ శతాబ్దం నుంచి అక్కడ సేద్యం చేస్తున్నారు. కరెంటు తీగ తగలని ఇళ్లు, బూడిద రంగు గుర్రపు బగ్గీలు, కంచరగాడిదలు లాగే నాగళ్లు అక్కడ ఇప్పటికీ నిత్యజీవితంలో భాగం. 30వ నంబరు రహదారి పక్కన ఉన్న 'అమిష్ ఫార్మ్ అండ్ హౌస్' అనే పొలాన్ని 1955లో సందర్శకుల కోసం తెరిచారు. అందులోని ఇల్లు 1805లో కట్టింది. టికెట్టు కొనుక్కుని వచ్చినవారికి ఆ ఇంటినీ, పశువుల కొట్టాలనీ చూపిస్తూ అమిష్ జీవన విధానాన్ని వివరిస్తారు. ఇలాంటి ప్రదర్శన పొలాలు ఇప్పుడు ఆ ప్రాంతంలో ఇంకొన్ని ఉన్నాయి.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మేరీల్యాండ్‌లలో స్థిరపడిన తెలుగువారు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను నయాగరాకూ వాషింగ్టన్‌కూ తిప్పుతారు. లాంకస్టర్ ఆ దారులకు పెద్ద దూరం కాదు. కృష్ణా డెల్టాలోని పెడన, గుడివాడ, అవనిగడ్డ పక్క నుంచి వెళ్లిన పెద్దవాళ్లకు ఆకాశహర్మ్యాల కంటే ఈ పొలం బాగా అర్థమవుతుంది. పాలు పితికే వేళలు, దుక్కి పదును, గడ్డి ఆరబెట్టడం, దూడల సాకుడు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేని సంగతులు. వరి ఒక్కటే కనబడదు. మొక్కజొన్న, పశుగ్రాసం, పొగాకు అక్కడి పంటలు. పాడి ప్రధానం.

ఇంటి సందర్శన ముందు గదితో మొదలవుతుంది. అందులో వీపు ఆనించడానికి వీల్లేని చెక్క బల్లలు వరుసగా వేసి ఉంటాయి. అమిష్ వారికి చర్చి భవనం ఉండదు. రెండు వారాలకోసారి ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో, కొట్టంలో ఆరాధన జరుగుతుంది. బల్లలన్నీ ఒక బండిలో పెట్టుకుని ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి తోలుకువెళ్తారు. మూడు గంటలు సాగే ఆరాధన తరువాత వచ్చినవారంతా అక్కడే భోంచేస్తారు. 25 నుంచి 40 కుటుంబాలు కలిస్తే ఒక సంఘం. అంతకు మించి పెరిగితే రెండుగా విడిపోతారు, ఎందుకంటే అందరూ ఒక ఇంట్లో పట్టాలి. సంఘ సేవకులకు జీతం లేదు, చదువుకున్న పట్టా అక్కర్లేదు. సభ్యులు, ఆడవారితో సహా, తమకు తోచిన పేర్లు చెబుతారు. ఆ పేర్లవారి ముందు పాటల పుస్తకాలు ఉంచి, వాటిలో ఒకదానిలో చీటీ పెడతారు. చీటీ ఉన్న పుస్తకం ఎవరు తీసుకుంటే వారు జీవితాంతం ఆ బాధ్యత మోయాలి.

పడక గదిలో గోడకు కొట్టిన మేకులకు బట్టలు వేలాడుతుంటాయి. పూలూ గీతలూ లేని ఒకే రంగు బట్టలు. ఆడవారి గౌన్లకు గుండీల బదులు గుండుసూదులు, తలకు పల్చటి టోపీ. పెళ్లయిన మగవాడు గడ్డం పెంచుతాడు, మీసం మాత్రం తీసేస్తాడు. ఐరోపాలో మీసం ఒకప్పుడు సైనికుల గుర్తు కావడం, అమిష్ వారు యుద్ధానికి దూరంగా ఉండటం దానికి కారణంగా చెబుతారు. ఒకరి బట్ట మరొకరి బట్టను మించకూడదన్నది వారి పట్టుదల. ఆ గదిలో ఎక్కువసేపు నిలబడాల్సిన అవసరం కనబడదు గానీ, ఆ మేకుల మీది నాలుగు జతలను చూస్తే వారి మిగతా జీవితం సగం అర్థమవుతుంది.

వీరి మూలాలు 16వ శతాబ్దపు స్విట్జర్లాండులో ఉన్నాయి. 1525లో జూరిక్‌లో కొందరు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం తప్పని, పెద్దయ్యాక తెలిసి తీసుకున్నదే నిజమైన బాప్తిస్మమని వాదించారు. అందుకు ఎందరినో నీళ్లలో ముంచి, కాల్చి చంపారు. మిగిలినవారు కొండ పల్లెల్లోకి చేరి సేద్యగాళ్లయ్యారు. 1693లో జాకబ్ అమ్మన్ అనే సంఘ పెద్ద కట్టుబాట్లు సడలిపోతున్నాయని విడిపోయాడు. అతని వెంట నడిచినవారే అమిష్. మతస్వేచ్ఛకు విలియం పెన్ నెలకొల్పిన పెన్సిల్వేనియాకు వారు 18వ శతాబ్దంలో ఓడలెక్కి వచ్చారు. ఐరోపాలో ఇప్పుడు అమిష్ సంఘం ఒక్కటీ లేదు. ఇంట్లో నేటికీ జర్మన్ యాస ఒకటి మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటారు.

అమిష్ వారు యంత్రాలను పాపంగా చూస్తారని చాలామంది అనుకుంటారు. పొలమంతా ఒకసారి తిరిగితే ఆ అభిప్రాయం నిలవదు. వంటింట్లో గ్యాసుతో నడిచే ఫ్రిజ్ ఉంటుంది. వడ్రంగి కొట్లో రంపాలు, డ్రిల్లులు గాలి ఒత్తిడితో పరుగెడతాయి. ఆ గాలిని కుదించేది డీజిల్ ఇంజను. గడ్డి మోపులు కట్టే యంత్రం మీద ఇంజను ఉంటుంది, కానీ ఆ యంత్రాన్ని పొలంలో లాగేవి కంచరగాడిదలు. ట్రాక్టరు కొట్టం దగ్గర మేత కోయడానికి, బెల్టు తిప్పడానికి పనికొస్తుంది, దాన్ని చేలోకి తోలకూడదు. ఫోను ఇంట్లో ఉండకూడదు, పొలం గట్టున చిన్న గదిలో ఉండొచ్చు. కారు కొనకూడదు, కిరాయికి ఎక్కొచ్చు. బయటివారికి ఇదంతా తలాతోకా లేని వ్యవహారంగా కనిపిస్తుంది.

దీని వెనుక గట్టి ఆలోచన ఉంది. ఒక వస్తువు వచ్చాక ఇరుగుపొరుగు ఒకరికొకరు దూరమవుతారా, దగ్గరవుతారా అని వారు అడుగుతారు. కారు ఉంటే వారానికోసారి ఎక్కడికైనా పోవచ్చు, సంఘం పలచబడుతుంది. గుర్రం వెళ్లగలిగినంత దూరంలోనే బంధువులు, పని, ఆరాధన ఉంటే ఊరు ఊరుగా నిలుస్తుంది. ఇంట్లో ఫోను మోగితే పొరుగింటికి నడిచి వెళ్లడం తగ్గుతుంది. చేలో ట్రాక్టరు దిగితే ఒకడే 200 ఎకరాలు దున్నగలడు, పక్కవాడు భూమి అమ్ముకోవలసి వస్తుంది, కొడుకులకు పని ఉండదు. కంచరగాడిదలతో దున్నేవాడికి అంత పొలం సాగదు కాబట్టి భూమి నలుగురి చేతుల్లో మిగులుతుంది.

పాల విషయంలో వారు కుదుర్చుకున్న ఒప్పందం పాడి రైతులు ఎవరైనా తెలుసుకోదగ్గది. పాల కంపెనీలు క్యానులు మానేసి పెద్ద చల్లటి ట్యాంకులు పెట్టుకుంటేనే పాలు కొంటామన్నాయి. అమిష్ పెద్దలు ఒక్కసారిగా కాదనలేదు, ఔననలేదు. చల్లదనాన్ని డీజిల్ ఇంజనుతో, పాలు కలపడాన్ని బ్యాటరీతో నడుపుకుంటామని, ఆదివారం మాత్రం పాల బండి తమ గడప తొక్కకూడదని షరతు పెట్టారు. కంపెనీలు ఒప్పుకున్నాయి. ఈ కట్టుబాట్లన్నీ కలిపి వారు ఆర్డ్‌నుంగ్ అంటారు. చాలావరకు అది రాతలో లేదు. ఏడాదికి రెండుసార్లు, ప్రభురాత్రి భోజన సంస్కారానికి ముందు, సంఘమంతా కూర్చుని దాన్ని మళ్లీ చెప్పుకుంటుంది. అందరూ సమ్మతిస్తేనే సంస్కారం జరుగుతుంది. అందుకే లాంకస్టర్‌లో ఒప్పుకున్నది ఒహాయోలో ఒప్పుకోకపోవచ్చు, పక్క సంఘంలోనే తేడా ఉండొచ్చు.

కొత్త పద్ధతి వస్తే ఏం చేయాలన్న ఈ ప్రశ్న పెడన ప్రాంతంలోని కలంకారీ పనివారికి కొత్తది కాదు. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్ల నీళ్లతో, పటికతో కొయ్య అచ్చులు అద్ది, కాలువ నీటిలో జాడించి, రంగు చెక్కలతో కాచి తీసే పని రోజుల తరబడి సాగుతుంది. స్క్రీన్ ప్రింటింగ్ వచ్చాక అదే నమూనా గంటల్లో తయారై, కలంకారీ పేరుతోనే తక్కువ ధరకు అమ్ముడుపోతోంది. ఆ యంత్రాన్ని రానివ్వాలా, ఏ మేరకు రానివ్వాలా అని అద్దకందారులంతా కూర్చుని తేల్చుకునే ఏర్పాటు ఎప్పుడూ లేదు. ఒక్కడు వద్దనుకుంటే నష్టపోయేది ఆ ఒక్కడే. డెల్టా చేలలో వరికోత యంత్రం దిగినప్పుడూ జరిగింది అంతే. కూలీలు దొరకని రైతుకు అది ఊరట, కోత కూలి మీద బతికే ఆడవారికి అది పని పోవడం. ఆ లెక్క ఊరు కలిసి వేసుకోలేదు. అమిష్ పద్ధతిలో ఇక్కడివారు గమనించదగ్గది వారి బగ్గీ కంటే, కలిసి నిర్ణయించుకునే ఆ అలవాటే.

అమిష్ వారు అలా కలిసి ఉండటం కష్టకాలంలో బయటపడుతుంది. కొట్టం కాలిపోతే వందల మంది వచ్చి కొద్ది రోజుల్లో కొత్తది నిలబెడతారు. మగవారు దూలాలెత్తుతుంటే ఆడవారు అందరికీ వండుతారు. ఆస్పత్రి ఖర్చులకు సంఘం చందా వేసుకుంటుంది. వృద్ధులు కొడుకు ఇంటికి అతికించి కట్టిన చిన్న ఇంట్లో ఉంటారు. తమవారిని తామే చూసుకుంటారు కాబట్టి ప్రభుత్వ సామాజిక భద్రతా పథకం తమకు అక్కర్లేదన్నారు. 1965లో అమెరికా ప్రభుత్వం సొంత పని చేసుకునే అమిష్ వారికి దాని నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆదాయపు పన్ను, ఆస్తి పన్ను మాత్రం అందరిలాగే కడతారు.

ఇక్కడ తెలుగు పాఠకులకు తెలియవలసిన వైద్య విషయం ఒకటి ఉంది. లాంకస్టర్ అమిష్ వారు చాలావరకు 18వ శతాబ్దంలో వచ్చిన కొద్ది కుటుంబాల సంతతి. బయటివారితో పెళ్లిళ్లు లేవు. అందువల్ల అరుదైన జన్యు వ్యాధులు వారి పిల్లల్లో ఎక్కువగా కనబడతాయి. 1989లో హోమ్స్ మోర్టన్ అనే పిల్లల వైద్యుడు లాంకస్టర్ కౌంటీలోని స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఇలాంటి పిల్లల కోసం క్లినిక్ ప్రారంభించాడు. దాని భవనాన్ని అమిష్ వడ్రంగులు, అదే మూలం నుంచి వచ్చిన మెనోనైట్ వడ్రంగులు చేతులతో నిలబెట్టారు, ఖర్చులో కొంత భాగం వారి వేలంపాటల నుంచి వస్తుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే పరీక్ష చేసి ఆహారం మారిస్తే కొన్ని వ్యాధుల్లో బిడ్డ ప్రాణం, మెదడు దక్కుతాయని ఆ క్లినిక్ నిరూపించింది. మేనరికాలు నడిచిన కుటుంబాలకు ఈ పాఠం దగ్గరిది.

ప్రదర్శన పొలంలో ఒంటి గది బడి కూడా ఉంది. అమిష్ పిల్లలు ఎనిమిదో తరగతితో చదువు ఆపి పనిలోకి వెళ్తారు. హైస్కూలుకు పంపలేదని విస్కాన్సిన్‌లో కొందరు తండ్రులకు జరిమానా వేస్తే, వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1972లో కోర్టు మతస్వేచ్ఛ పక్షాన తీర్పు చెప్పింది. తరువాత డాక్టరు కావాలనో ఇంజినీరు కావాలనో అనుకున్న పిల్లకు దారి ఎంత కష్టమవుతుందో ఆ తీర్పును మెచ్చుకునేవారు కూడా ఆలోచించాలి. పదహారేళ్ల తరువాత యువతీ యువకులకు కొంత స్వేచ్ఛ దొరుకుతుంది, బాప్తిస్మం తీసుకోవాలో లేదో ఆ కాలంలో తేల్చుకుంటారు. తీసుకోకుండా వెళ్లిపోతే వెలి లేదు. తీసుకున్నాక మాట తప్పితే వెలి తప్పదు, సొంత ఇంటివారు కూడా అతనితో ఒక బల్ల దగ్గర తినరు. ఇంత కఠినమైనా పిల్లల్లో అత్యధికులు సంఘంలోనే ఉండిపోతున్నారు. కుటుంబాలు పెద్దవి. అందువల్ల అమిష్ జనాభా దాదాపు 20 ఏళ్లకోసారి రెట్టింపవుతూ ఇప్పుడు సుమారు 4 లక్షలకు చేరింది. అందరికీ చాలేంత భూమి లాంకస్టర్‌లో లేదు. సగం మందికి పైగా వడ్రంగం, ఇళ్ల నిర్మాణం, కుర్చీలు బల్లల తయారీ, బొంతల కుట్టు, అంగళ్ల మీద బతుకుతున్నారు. కొన్ని కుటుంబాలు చవక భూములు వెతుక్కుంటూ వేరే రాష్ట్రాలకు తరలుతున్నాయి.

ఇలాంటి జీవితం ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకచోట కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా హిరమండలం మండలం అంతకాపల్లి దగ్గర 2018లో మొదలైన కూర్మగ్రామంలో ఇస్కాన్ సంప్రదాయ భక్తులు కరెంటు లేకుండా జీవిస్తున్నారు. భక్తివికాస స్వామి ఆలోచన మేరకు ఏర్పడిన ఆ ఊళ్లో సిమెంటు వాడకుండా సున్నం, ఇసుక, బెల్లం వంటివాటితో ఇళ్లు కట్టుకున్నారు. తమ తిండి గింజలు తామే పండించుకుంటారు, పిల్లలు గురుకులంలో చదువుకుంటారు. అక్కడికీ జనం చూడటానికి వెళ్తున్నారు. అయితే కూర్మగ్రామం మొదటి తరం నగర జీవితం వదిలి కావాలని వచ్చింది. అమిష్ వారిది మూడు వందల ఏళ్లకు పైబడిన వారసత్వం. పుట్టి పెరిగిన పిల్లలు అదే దారిలో నడుస్తారా అన్న పరీక్షను అమిష్ వారు పదే పదే దాటారు, కూర్మగ్రామానికి అది ముందుంది.

లాంకస్టర్‌కు ఏటా లక్షల మంది వస్తారు. ప్రదర్శన పొలం తెరిచిన 1955లోనే బ్రాడ్‌వేలో అమిష్ వారి మీద ఒక సంగీత నాటకం ఆడింది. 1985లో అమిష్ వారి మధ్య జరిగే కథతో 'విట్‌నెస్' సినిమా వచ్చాక తాకిడి మరింత పెరిగింది. చాలామంది సందర్శకులకు తెలియనిదేమిటంటే, ఆ ప్రదర్శన ఇంట్లో ఇప్పుడు అమిష్ కుటుంబం కాపురం ఉండటం లేదు. చూపడానికే ఉన్న ఇల్లది. ఒక విధంగా అది మేలు. చూడాలన్న ఆసక్తి అక్కడ తీరితే, పక్క పొలాల్లో నిజంగా పని చేసుకుంటున్నవారి ప్రశాంతత చెడదు. పెడనలో అద్దకం బల్లల దగ్గరికి వెళ్లేవారు కూడా పాటించవలసిన మర్యాద ఇదే. పనిచేసేవాళ్లు బొమ్మలు కారు, వారి పూట గడిచేది ఆ పని మీదే.

లాంకస్టర్ వెళ్లదలచినవారు ఆదివారం కాకుండా వేరే రోజు పెట్టుకోవాలి, ఆదివారం అమిష్ అంగళ్లన్నీ మూసి ఉంటాయి. వారి ముఖాలు ఫొటో తీయకూడదు, అడిగి తీసినా వారి విశ్వాసానికి అది విరుద్ధం. రోడ్డు మీద బగ్గీ ఎదురైతే హారన్ కొట్టకుండా, దూరం ఉంచి నెమ్మదిగా దాటాలి, గుర్రం బెదిరితే ప్రాణాలకే ముప్పు. కూరగాయలు, జున్ను, బొంతలు ఏవి కొన్నా పొలం గట్టున వారు పెట్టుకున్న బల్ల దగ్గర నేరుగా కొనండి. ఆ డబ్బు వారి ఇంటికే చేరుతుంది.