మీకు తెలుసా? రెండు సబ్‌వూఫర్లు కలిస్తే బేస్ మాయం!

పందిట్లో రెండు సబ్‌వూఫర్లు పక్కపక్కనే పెట్టారు. విడిగా మోగిస్తే రెండూ దద్దరిల్లుతున్నాయి, కలిపితే బేస్ చప్పబడిపోయింది. చాలామంది యాంప్లిఫయర్‌ను తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు వైరుది: ఒక బాక్సుకు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒక కోను గాలిని తోస్తుంటే రెండోది లాగుతుంది, రెండూ రద్దయిపోతాయి. 100 హెర్ట్జ్ తరంగం పొడవే దాదాపు 3.4 మీటర్లు కాబట్టి, అంత దగ్గరున్న బాక్సులు దాని లెక్కలో ఒక్కటే.

పరీక్ష సులువు. యాంప్‌కు వెళ్లే కేబుల్ తీసేసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ను సబ్ తీగలకు లిప్తపాటు తాకించండి. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కు తగిలితే కోను మామూలుగా ముందుకు ఉబుకుతుంది. ట్వీటర్ల మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

వైర్లు సరిచూశాక క్రాసోవర్ సంగతి: బేస్‌ను సబ్‌లకూ, మిగతా శబ్దాన్ని టాప్ స్పీకర్లకూ విడగొట్టేది అదే. టాప్‌లకూ సబ్‌లకూ వేర్వేరు యాంప్‌లుంటే అది మిక్సర్‌కూ యాంప్‌లకూ మధ్య ఉంటుంది. లైవ్ సౌండ్‌లో విరివిగా వాడే లింక్‌విట్జ్-రైలీ పద్ధతి 1976 నాటిది. 24 డెసిబెల్ వాలుతో 100 హెర్ట్జ్ దగ్గర విడగొడితే, 50 హెర్ట్జ్ శబ్దం టాప్ స్పీకర్‌కు దాదాపు 24 డెసిబెల్స్ తగ్గి చేరుతుంది.

ఇక యాంప్ మీద పడే లోడ్: రెండు 8 ఓమ్ బాక్సులు ప్యారలల్‌లో కలిస్తే 4 ఓమ్‌లు, నాలుగైతే 2. యాంప్‌ను బ్రిడ్జ్ చేస్తే, అంటే రెండు చానళ్లను ఒకే లోడ్‌కు కలిపితే, ఒక్కో చానల్‌కు అందులోనూ సగమే కనిపిస్తుంది. యాంప్‌లు వేడెక్కి ఆగిపోవడానికి ఇలా ఓమ్‌లు మరీ తగ్గిపోవడం ఒక ప్రధాన కారణం. చివరగా స్విచ్‌ల సంగతి: వేసేటప్పుడు యాంప్ చివర, ఆపేటప్పుడు యాంప్ ముందు.