బిలియన్: ఒక మాట, రెండు లెక్కలు

1923 నవంబరు 20వ తేదీన జర్మనీలో ఒక అమెరికన్ డాలరు ధర నాలుగు లక్షల ఇరవై వేల కోట్ల మార్కులు. ఆ దుర్దినాలను గురించి రాసే జర్మన్ చరిత్రకారుడు ఈ మొత్తాన్ని 4.2 బిలియన్ అంటాడు. అమెరికన్ రచయిత 4.2 ట్రిలియన్ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాని జర్మన్ పుస్తకంలోని మాటను ఎవరైనా ఏమరుపాటున యథాతథంగా ఇంగ్లీషులోకి దింపితే, ఆ ఇంగ్లీషు నుంచి తెలుగు చేసే అనువాదకుడి చేతిలో డాలరు ధర 420 కోట్ల మార్కులకు పడిపోతుంది. ఒక జాతి పొదుపు సొమ్మును బూడిద చేసిన ఉపద్రవంలో వెయ్యింట తొమ్మిది వందల తొంభైతొమ్మిది పాళ్ళు ఒక్క కలంపోటుతో మాయమవుతాయి!

ఈ తికమకకు మూలం తెలుసుకోవాలంటే అయిదు శతాబ్దాలు వెనక్కు వెళ్ళాలి. ‘మిలియన్’ ఇటలీ వర్తకుల భాషలో పుట్టిన మాట. ‘మిల్లే’ అంటే వేయి; దానికి ‘పెద్ద’ అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరి ‘పెద్ద వేయి’, అనగా వేయి వేలు అయింది. 1484లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో నికోలా షూకే అనే గణితజ్ఞుడు ఒక గ్రంథం రాస్తూ, పెద్ద సంఖ్యలలోని అంకెలను ఆరేసి చొప్పున విడదీశాడు. మిలియన్‌ను మిలియన్‌తో హెచ్చవేస్తే బిలియన్; మరొకసారి హెచ్చవేస్తే ట్రిలియన్. ‘బి’ అంటే లాటిన్‌లో రెండు, ‘ట్రి’ అంటే మూడు. ఎంత ముచ్చటైన ఏర్పాటు! పాపం, షూకే గ్రంథం 1880 వరకు అచ్చుకు నోచుకోలేదు. అతని రాతప్రతి నుంచి ధారాళంగా గ్రహించిన మరొకరి పుస్తకం మాత్రం 1520లోనే అచ్చయింది.

పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచివారిలోనే కొందరు అంకెలను మూడేసి చొప్పున విడదీయడం మొదలుపెట్టారు. వారికి బిలియన్ అంటే వేయి మిలియన్లు మాత్రమే. ఈ చిన్న లెక్క అట్లాంటిక్ దాటి అమెరికాలో స్థిరపడింది. ఇంగ్లండు మాత్రం పెద్ద లెక్కనే పట్టుకొని ఉండిపోయింది. తరువాతి కథ మరీ చిత్రం. చిన్న లెక్కకు పుట్టినిల్లయిన ఫ్రాన్సు 1961లో ప్రభుత్వ శాసనంతో దానిని త్యజించి పెద్ద లెక్కకు మరలిపోయింది. సరిగా పదమూడేళ్ళకు, 1974 డిసెంబరు 20న, బ్రిటిష్ పార్లమెంటులో ఒక సభ్యుడు ప్రశ్న వేశాడు: మంత్రులు బిలియన్ అనే మాటను బ్రిటిష్ అర్థంలోనే వాడేటట్లు చూస్తారా అని. ప్రధాని హెరాల్డ్ విల్సన్ కుదరదన్నాడు. అంతర్జాతీయంగా వేయి మిలియన్లనే అర్థం స్థిరపడిందనీ, బ్రిటిష్ మంత్రులు వేరొక అర్థంలో వాడితే గందరగోళమే మిగులుతుందనీ ఆయన సమాధానం. ఆనాటితో ‘బి’ అనే అక్షరానికి ఇంగ్లీషులో అర్థం పోయింది, మాట మాత్రం మిగిలింది.

వర్ణక్రమం కూడా ఈ మాటకు సులభంగా కుదురుకోలేదు. షూకే రెండవ అక్షరంగా ‘ఐ’ బదులు ‘వై’ రాశాడు. 1690లో వెలువడిన తన మహాగ్రంథంలో పెద్ద సంఖ్యల పేర్లను వరుసగా పేర్చిన తత్త్వవేత్త జాన్ లాక్ వాటిని ఒకే ‘ఎల్’తో సరిపెట్టాడు. నేటి ఇంగ్లీషులో ‘ఎల్’ రెండు రాయాలి, ఒకటిగా పలకాలి. ఆ రెండింటినీ చూసి మనవారు కొందరు ‘బిల్లియన్’ అని రాస్తారు. చెవికి వినిపించేది ‘బిలియన్’ మాత్రమే. ఇదంతా ఒక అక్షరం గొడవే. పోర్చుగీసు భాషలో అలా కాదు. పోర్చుగల్‌లో ‘బిలియాంవ్’, బ్రెజిల్‌లో ‘బిల్యాంవ్’ అని రెండు వర్ణక్రమాలు. మొదటిది లక్ష కోట్లు, రెండవది వంద కోట్లు. అక్షరం మారితే విలువ వెయ్యి రెట్లు మారుతుంది.

ఈ తేడా ఎంతటిదో కాలంతో కొలిస్తే తెలుస్తుంది. మిలియన్ సెకండ్లంటే పదకొండున్నర రోజులు. అమెరికన్ బిలియన్ సెకండ్లంటే సుమారు ముప్పై ఒకటిన్నర సంవత్సరాలు. పాత బ్రిటిష్ బిలియన్ సెకండ్లు గడవాలంటే 31,000 సంవత్సరాలు దాటాలి.

‘శతకోటి లింగాలలో బోడిలింగం’ అనే సామెత ఉన్న తెలుగువారికి నేటి బిలియన్ కొత్త సంఖ్య కాదు; అది శతకోటే. పాత బిలియన్ లక్ష కోట్లు, అంటే నేడు బడ్జెట్ వార్తలలో ట్రిలియన్‌గా కనిపించేది. అయితే మన ఇల్లు మాత్రం చక్కగా ఉందనుకోరాదు. వేదకాలపు సంఖ్యల జాబితాలో ‘అర్బుదం’ కోటికి పేరు. ఆర్యభటుడి నాటికి అది పది కోట్లయింది. దాని సంతతి అయిన హిందీ ‘అరబ్’ నేడు వంద కోట్లు. భాస్కరాచార్యుని ‘ఖర్వం’ వేయి కోట్లయితే, హిందీ ‘ఖరబ్’ పదివేల కోట్లు. వేళ్ళు ఫ్రెంచివారివి మాత్రమే జారలేదు!

కనుక పాత ఇంగ్లీషు పుస్తకం చేతపట్టిన అనువాదకుడు కథ మొదలుపెట్టకముందే శీర్షిక పుట వెనుక భాగం చూసుకోవాలి: అచ్చయిన ఊరు లండనా, న్యూయార్కా? సంవత్సరం 1974కు ముందా, తరువాతా? అది చాలనప్పుడు సంఖ్యను ప్రపంచంతో సరిచూడాలి. 2022 నవంబరులో ప్రపంచ జనాభా ఎనిమిది బిలియన్లకు చేరిందన్న వార్తను లండను పాత లెక్కలో చదివితే భూమి మీద ఎనిమిది లక్షల కోట్లమంది ఉండాలి.

కొందరు గ్రంథకర్తలు ఈ శ్రమ పెట్టరు. 1930లో ప్రచురితమైన తన ఖగోళ గ్రంథంలో జేమ్స్ జీన్స్ గ్రహాల పుట్టుకకు కాలం చెబుతూ బిలియన్ జోలికే పోలేదు. రెండు వేల మిలియన్ల సంవత్సరాలని విడమరచి రాశాడు. దానిని 200 కోట్ల ఏళ్ళని తెలుగు చేయడానికి ఏ నిఘంటువూ తెరవనక్కరలేదు.